డెబ్బయ్యొకటవ రోజున వచ్చిన ఉద్యోగం

"మీ అమ్మాయి అమెరికాలో ఏం ఉద్యోగం చేస్తున్నది మాస్టారూ?"

2024 సంక్రాంతి మొదలు ఏప్రిల్ నెలాఖరు దాకా ఈ ప్రశ్న మమ్మల్ని వెంటాడింది. ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగేటప్పుడు, సొసైటీ దగ్గర ఎరువు కట్టల కోసం నిలబడినప్పుడు, చివరకు చావు ఇంటికి పరామర్శకు పోయినప్పుడు కూడా ఎవరో ఒకరు అడిగేవారు. అడిగిన వారిలో చెడు తలంపు ఏమీ లేదు. మన పిల్ల బాగుండాలనే అడిగారు. "చూసుకుంటున్నదండీ" అనేవాళ్ళము. ఉద్యోగం చూసుకుంటున్నది అంటే చేస్తున్నదని ఒకరికి అర్థమౌతుంది, వెదుకుతున్నదని మరొకరికి అర్థమౌతుంది. ఆ మాట వెనుక మేము నాలుగు నెలలు దాక్కున్నాము.

ఈ వ్యాసం మేము భార్యాభర్తలిద్దరం కలిసి రాస్తున్నాము. కలం పట్టింది ఒకరే గాని మాట ఇద్దరిదీ. మాది కృష్ణా డెల్టాలో కాలువ కింద ఊరు. ఒకరం బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాము, ఒకరం ఇంటినీ రెండెకరాల మాగాణినీ చూసుకొంటున్నాము. ఊరి పేరు, తన పేరు రాయవద్దని అమ్మాయి కోరింది గనుక రాయడం లేదు. మిగతాదంతా రాయమన్నది. మా సంఘంలోనే ఈ మధ్య మూడు కుటుంబాలవారు తమ పిల్లలను ఫైనాన్స్ చదువుకు పంపే విషయమై మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. వారికి నోటితో చెప్పినదే ఇక్కడ కాగితం మీద పెడుతున్నాము.

అమ్మాయి గుంటూరులో బి.కాం., ఆ తరువాత ఎం.కాం. చదివింది. హైదరాబాదులో ఒక ఆఫీసులో లెక్కలు చూసే పనికి రెండేళ్ళు పోయింది. జీతం 22 వేలు. హాస్టలుకు, బస్సుకు, తిండికి పోగా మిగిలేది ఏమీ లేదు. తోటి పిల్లలు కంప్యూటరు చదువులు చదివి విమానం ఎక్కుతుంటే మనమూ ఎందుకు ఎక్కకూడదు అనిపించింది. దానికి అనిపించిందో, మాకు అనిపించిందో ఇప్పుడు సరిగా చెప్పలేము. విజయవాడలో కన్సల్టెన్సీ పెట్టుకొన్న ఒకాయన దగ్గరకు పోయాము. "కామర్స్ పిల్ల గదా, ఎం.ఎస్. ఫైనాన్స్ చేయించండి, అమెరికాలో బ్యాంకులకు కొదవా?" అన్నాడు. ఆ దేశంలో బ్యాంకులకు కొదవ లేదు, నిజమే. నాలుగు వేలకు పైగా ఉన్నాయి. కాని ఆ బ్యాంకు మన పిల్లను ఎన్నాళ్ళు ఉంచుకోగలదు అన్నది ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఖర్చు సంగతి. 28 లక్షలు బ్యాంకు అప్పు, పదిన్నర శాతం వడ్డీ. హామీగా పొలం పెడదామనుకొన్నాము. వ్యవసాయ భూమి పనికిరాదన్నారు. అప్పు తీర్చని వారి ఆస్తిని కోర్టుకు పోకుండా స్వాధీనం చేసుకొనే చట్టం బ్యాంకులకు ఉన్నది గాని, సాగు భూమికి అది వర్తించదట. అందుకని ఇల్లు పెట్టాము. మా మామగారు పెంకుటిల్లు పడగొట్టి, మూడేళ్ళు కొంచెం కొంచెంగా కట్టిన డాబా అది. ఆ కాగితాల మీద సంతకం చేసిన రోజు సాయంత్రం ఇద్దరం ఇంటి చుట్టూ ఒకసారి ఊరకనే తిరిగి వచ్చాము. మిగతా ఖర్చుకు అర ఎకరం అమ్మాము. చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరం దాకా వాయిదాలు కట్టనక్కరలేదని చెప్పారు. కట్టనక్కరలేదు గాని వడ్డీ మాత్రం మొదటి విడత ఇచ్చిన నాటినుండే నడుస్తున్నది. చాలామంది తల్లిదండ్రులు దీనిని గమనించరు.

2022 ఆగస్టులో అమ్మాయి ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో చేరింది. మూడు సెమిస్టర్ల చదువు, 2023 డిసెంబరులో ముగుస్తుంది.

ఇక్కడ అసలు సంగతికి వస్తాము. విద్యార్థి వీసా మీద పోయిన పిల్లలకు విశ్వవిద్యాలయం ఐ-20 అనే కాగితం ఇస్తుంది. దాని మీద పిల్ల చదవబోయే చదువు పేరు, ఆ పేరు పక్కన ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మా అమ్మాయి కాగితం మీద 52.0801 అని ఉన్నది. సాధారణ ఫైనాన్స్ అని దాని అర్థం. దానితో ఒకే గదిలో ఉన్న వరంగల్ పిల్ల చదివింది కూడా ఫైనాన్సే, కాని ఆమె కాగితం మీద 27.0305 అని ఉన్నది. అది ఫైనాన్స్ గణితం. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడా రెండు సంవత్సరాలు.

ఎట్లాగంటే, చదువు ముగిసిన విద్యార్థి తన చదువుకు సంబంధించిన పని 12 నెలలు చేసుకోవడానికి ఆ ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. దానిని ఓపీటీ అంటారు. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం కింద లెక్కించే చదువులకు, యజమాని కొన్ని షరతులకు లోబడి ఉంటే, మరి 24 నెలలు కలుస్తాయి. ఫైనాన్స్ గణితం ఆ పట్టికలో ఉన్నది. 2022 జనవరిలో ఫైనాన్స్ అనలిటిక్స్ అనే చదువును 30.7104 సంఖ్యతో ఆ పట్టికలో చేర్చారు. సాధారణ ఫైనాన్స్ లేదు. ఒకే విధమైన పాఠాలు చెప్పే రెండు విశ్వవిద్యాలయాలు ఆ చదువుకు వేరువేరు సంఖ్యలు పెట్టుకొనే వీలు కూడా ఉన్నది. కనుక చదువు పేరు చూసి మోసపోకూడదు, సంఖ్య చూడాలి. మేము 28 లక్షల అప్పు కాగితం ప్రతి పేజీ చదివాము. ఆ ఒక్క పేజీలో ఆ ఒక్క సంఖ్యను చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదు, కాని అడిగి ఉండవలసింది.

రెండవ పొరపాటు అమ్మాయిది. పోయిన నెలలోనే, సెప్టెంబరులో, విశ్వవిద్యాలయంలో ఉద్యోగాల సంత జరిగింది. కంపెనీలవారు బల్లలు వేసుకొని కూర్చుంటారు, పిల్లలు పోయి మాట్లాడాలి. "ఇప్పుడే గదా వచ్చాను, చదువు చివరలో చూసుకుందాములే" అని పోలేదు. మన దగ్గర పద్ధతి అదే గదా, డిగ్రీ చేతికి వచ్చిన తరువాతనే ఉద్యోగం. అక్కడ పెద్ద బ్యాంకులవారు వచ్చే వేసవికి రావలసిన పిల్లలను ముందు ఏడే ఎంచుకొంటారు. ఆ వేసవిలో పది వారాలు పని నేర్చుకొన్న పిల్లలలోనుండే పూర్తి ఉద్యోగస్థులను తీసుకొంటారు. ఆ పది వారాలు పోగొట్టుకొన్న పిల్లకు ఆ తలుపు ఇంచుమించు మూసుకొన్నట్టే. మా అమ్మాయి ఆ వేసవి విశ్వవిద్యాలయ భోజనశాలలో పళ్ళేలు సర్దింది. ఆ డబ్బుతో తన తిండి గడిచింది. మేము ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు.

తరువాత రోజుల లెక్క. చదువు ముగిసిన తేదీ నుండి 60 రోజుల లోపల ఏదో ఒక రోజును పని అనుమతి మొదటి రోజుగా విద్యార్థే కోరుకోవాలి. ఆ రోజు నుండి మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. మించితే ఆ దేశంలో ఉండే హోదా పోతుంది. చదువు డిసెంబరు 15న ముగిసింది. కొందరు స్నేహితులు వెంటనే మొదలుపెట్టమన్నారట. అమ్మాయి ఆలోచించి వెనక్కు జరిపి ఫిబ్రవరి 12 కోరుకొన్నది. వెదకడానికి రెండు నెలలు ఎక్కువ దొరికాయి. ఇది అది చేసిన మంచి పని. ఆ లెక్కన మే 11వ తేదీకి 90 రోజులు నిండుతాయి.

ఫిబ్రవరి 12 నుండి మా వంటింటి గోడమీద క్యాలెండరులో రోజుకొక అంకె వేస్తూ వచ్చాము. ఎందుకు వేశామో తెలియదు. వేయకపోయినా రోజులు ఆగవు.

అమ్మాయి తెల్లవారుజామున ఫోను చేసేది. మనకు ఉదయం ఆరున్నర ఐతే వాళ్ళకు ముందు రోజు రాత్రి ఏడు. ఆ రోజు ఎన్ని దరఖాస్తులు పెట్టినదీ చెప్పేది. మొత్తం మీద 412 పెట్టింది. ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసుకొన్నది, ఇప్పటికీ దాని దగ్గర ఉన్నది. మొదట్లో మన పద్ధతిలో బయోడేటా తయారుచేసుకొన్నది. ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి అయినదా లేదా, అన్నీ. అక్కడ అవేమీ పెట్టకూడదట. ఒకే ఒక పేజీ ఉండాలి. చేసిన పని, దానివల్ల ఏం ఫలితం వచ్చింది, అంతే. హైదరాబాదులో రెండేళ్ళు "లెక్కలు చూసేదానిని" అని రాసినది కాస్తా, నెలకు ఎన్ని బిల్లులు సరిచూసింది, ఎన్ని తప్పులు పట్టుకొన్నది అని రాయవలసి వచ్చింది. పొగడుకోవడం మన ఇళ్ళలో నేర్పము గదా, అది రాయడానికి దానికి వారం పట్టింది.

దరఖాస్తు ఫారాలన్నిటిలో ఒక ప్రశ్న ఉండేది. ఇప్పుడు గాని ముందు ముందు గాని మీ వీసా కోసం మేము ప్రభుత్వానికి అర్జీ పెట్టవలసి ఉంటుందా, అవునా కాదా? అవునని రాస్తే కొన్నిచోట్ల గంటలోపలే "వందనములు, మీకు శుభము కలుగుగాక" అన్న తీరున జవాబు వచ్చేది. కాదని రాసిన పిల్లలూ ఉన్నారు. మా అమ్మాయి 412 సార్లూ అవుననే రాసింది.

దీనిని మేము గొప్పగా చెప్పుకోలేము. కారణం ఇప్పుడు చెబుతాము.

నలభై రోజులు దాటిన తరువాత, మాకు దూరపు బంధువొకరు ఫోను చేశారు. అమెరికాలో తనకు తెలిసిన ఒక కన్సల్టెన్సీ ఉన్నదని, వారు అమ్మాయిని తమ ఉద్యోగినిగా కాగితం మీద చూపుతారని, దానితో రోజుల లెక్క ఆగిపోతుందని, నాలుగేళ్ళ అనుభవం ఉన్నట్టు కూడా రాసిస్తారని చెప్పారు. కొంత డబ్బు కట్టాలి. "అందరూ చేస్తున్నదే మాస్టారూ. ఫేక్ పెట్టుకోని వాళ్ళెవరు?" అన్నారు.

మర్నాడు ఉదయం ఫోనులో, మాలో ఒకరం, సంఘంలో పెద్దగా కూర్చునేవాడే, ముప్పయ్యేళ్ళు పిల్లలకు నీతి పాఠాలు చెప్పినవాడే, ఇట్లా అన్నాము: "తల్లీ, అందరూ పెట్టుకుంటున్నారంట గదా, నువ్వూ పెట్టుకో. ఇల్లు బ్యాంకులో ఉన్నది."

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "నాన్నా, నేను ఉద్యోగం అడుగుతున్నది అప్పులిచ్చే బ్యాంకులను. అప్పు కోసం వచ్చినవాడు తెచ్చిన కాగితాలలో అబద్ధం ఉన్నదా అని చూడటమే అక్కడ నా పని. నేనే దొంగ కాగితం పట్టుకొని ఎట్లా పోయేది?"

ఫోను పెట్టేసింది. మాలో రెండవవారం ఆ పూట అన్నం వండలేదు. "ఇల్లు పోతే పోయింది, పిల్లను ఆ మాట ఎందుకన్నారు" అని మాత్రం ఒకసారి అని, మళ్ళీ ఎత్తలేదు. ఆ వారం బైబిలు తరగతికి పాఠం చెప్పమంటే ఒంట్లో బాగాలేదని తప్పించుకొన్నాము. అయ్యగారు ఇంటికి వస్తే ఆయనకు చెప్పాము. ఆయన ఏమీ అనలేదు. కాఫీ తాగి, ప్రార్థన చేసి, పోయేటప్పుడు అమ్మాయి ఫోను నంబరు అడిగి తీసుకొన్నారు.

మేము తెలియక అన్నామని చెప్పుకోవడానికి కూడా లేదు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో జరిగిన సంగతి పేపర్లలో చదివాము. ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని ఒకటి ఉన్నట్టు అక్కడి ప్రభుత్వ అధికారులే వల పన్ని, క్లాసులు లేకుండా పేరుకు చేరి హోదా నిలుపుకొంటున్న విద్యార్థులను వందమందికి పైగా పట్టుకొన్నారు. వారిలో మన తెలుగు పిల్లలు ఎక్కువమంది. వారిని అందులో చేర్పించిన దళారులూ ఎక్కువగా మనవారే, వారికి జైలు శిక్షలు పడ్డాయి. అంత చదివీ మన ఇంటి మీదకు వచ్చేసరికి నోట ఆ మాట వచ్చింది.

అరవయ్యవ రోజు ప్రాంతంలో రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడిగితే చెప్పారట. మొదటి 12 నెలల అనుమతిలో, చదువుకు సంబంధించిన పని ఐతే, వారానికి 20 గంటలకు తగ్గకుండా జీతం లేకుండా చేసినా, కార్మిక చట్టాలకు భంగం లేనంతవరకు అది పని కిందనే లెక్క. స్వచ్ఛంద సంస్థలలో లెక్కలు రాసే పని అట్లా చేసి రోజుల లెక్కను ఆపుకొన్న పిల్లలున్నారు. దొంగ కాగితం అవసరం లేకుండానే ఒక దారి ఉన్నది. అడగడానికి అరవై రోజులు పట్టింది, ఎందుకంటే ఆఫీసువారిని అడిగితే చిక్కుల్లో పడతామని పిల్లలలో ఒక భయం. సలహాకు ఒకరినొకరు అడుగుతారు, అడగవలసిన చోట అడగరు.

రెండవది ఉద్యోగాలు చూపే విభాగంలో ఒక పెద్దావిడ చెప్పిన మాట. ఆమె ఆ నోటు పుస్తకం తీసుకొని పేజీలు తిప్పి, "అన్నీ న్యూయార్కు, షికాగోలేనా? ఇక్కడనుండి గంట దూరంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న బ్యాంకులకు ఎందుకు రాయలేదు?" అన్నదట.

ఆ చిన్న ఊళ్ళ బ్యాంకులు రైతులకు అప్పులిస్తాయి. వసంతకాలంలో విత్తనానికి, ఎరువుకు, డీజిలుకు ఇచ్చి, పంట అమ్మిన తరువాత వసూలు చేసుకొంటాయి. అప్పు ఇచ్చే ముందు ఆ రైతు లెక్కలన్నీ చదివి, ఇవ్వవచ్చునా లేదా అని రాసిపెట్టే చిన్న ఉద్యోగం ఒకటి ఉంటుంది. క్రెడిట్ ఎనలిస్టు అంటారు. ఫైనాన్స్ చదివిన పిల్లలకు మొదటి మెట్టు అటువంటివే. అకౌంట్ల గుమాస్తా పని, ఆడిట్ ఆఫీసులో సహాయకుల పని, మ్యూచువల్ ఫండ్ల విలువ రోజు రోజుకూ లెక్కగట్టే పని. సినిమాలలో చూపే వాల్ స్ట్రీట్ కాదు.

అమ్మాయి పదకొండు బ్యాంకులకు ఫోను చేసింది. ఫారం నింపలేదు, ఫోను చేసింది. తరువాత ఒక ఉత్తరం రాసింది. అందులో ఉన్న ముఖ్యమైన మాట ఇది: నాకు 2025 ఫిబ్రవరి 11 దాకా పని చేయడానికి ప్రభుత్వ అనుమతి ఇప్పటికే ఉన్నది, అంతవరకు మీరు వీసా కోసం ఏ అర్జీ పెట్టనక్కరలేదు, ఏ రుసుమూ కట్టనక్కరలేదు, ఆపైన ఉంచుకోవాలంటే మాత్రం అర్జీ అవసరమౌతుంది. చిన్న యజమానులలో చాలామందికి ఈ సంగతి తెలియదట. విదేశీ పిల్ల అనగానే లాయరు ఖర్చు అనుకొని పక్కన పెడతారు. ఉన్నది ఉన్నట్టు చెబితే కొందరైనా వింటారు.

ఒక బ్యాంకువారు రమ్మన్నారు. అక్కడ అప్పుల విభాగం చూసే ఆయన వయసు మళ్ళినవాడు, తానూ రైతు బిడ్డే. పుస్తకాల ప్రశ్నలు రెండు మూడు అడిగి, "రైతు ఆదాయం నెల నెలా రాదు గదా, అతని వాయిదా ఎట్లా నిర్ణయిస్తావు?" అన్నాడట. ఈ పిల్లకు అంతవరకు చదివిన పాఠాలన్నీ మరుపున పడి, మా ఇల్లు గుర్తుకు వచ్చిందట. సార్వా వరికి జూన్ జూలైలలో డబ్బు కావాలి, కోతలై ధాన్యం అమ్మితే గాని చేతికి రాదు, వెనుక మాగాణిలో మినుము చల్లితే ఫిబ్రవరి మార్చిలో కొంత వస్తుంది, సొసైటీ పంట అప్పు సకాలంలో కట్టినవారికి వడ్డీ 4 శాతమే పడుతుంది గనుక నాన్న బయట బదులు తెచ్చి అయినా గడువులోపల కట్టి మళ్ళీ తీసుకొంటాడు, కాగితం మీద చూస్తే అప్పు తీరినట్టు ఉంటుంది గాని తీరినట్టు కాదు. ఈ చివరి మాట వినగానే ఆయన నవ్వి, "ఇక్కడా అంతే" అన్నాడట.

మేము బదులు తెచ్చి కట్టడం అది ఎప్పుడు గమనించిందో మాకు తెలియదు. తెలియకుండానే చేస్తున్నామనుకొన్నాము.

ఏప్రిల్ 22, సోమవారం పనిలో చేరింది. క్యాలెండరులో 71 వేయవలసిన రోజు. జీతం ఏడాదికి 52 వేల డాలర్లు.

పని గురించి అది చెబుతుంటే మాకు బాగా రుచించేది గనుక కొంచెం రాస్తాము. అక్కడ రైతు పన్ను కాగితాలతో బాటు షెడ్యూల్ ఎఫ్ అనే పత్రంలో సేద్యపు రాబడి ఖర్చులు చూపుతాడు. మూడు నాలుగేళ్ళ పత్రాలు పక్కపక్కన పెట్టి, ఇంటి ఖర్చు తీసివేసి, సంవత్సరంలో కట్టవలసిన అప్పు వాయిదాలకు ఎంత మిగులుతుందో చూడాలి. రూపాయి కట్టవలసినవాడికి రూపాయింపావలా మిగలాలన్నది వాడుకలో ఉన్న కొలత. రూపాయే మిగిలితే ఒక వాన తప్పినా మునుగుతాడు. మొక్కజొన్న ధర పడిపోయిన ఏడు చాలామంది ఆ పావలా కిందికి జారతారు. అప్పుడు ఇవ్వవద్దని రాయాలా, ట్రాక్టరు వాయిదా పొడిగించి ఇవ్వవచ్చునని రాయాలా? ఒక రాత్రి ఫోనులో, "ఈ రోజు ఒకాయనకు వద్దని రాశాను నాన్నా. ఆయన వయసు మీ వయసే" అన్నది. మేము ఆ కొలతతో మా లెక్క వేసి చూసుకొన్నాము. మాకు ముప్పావలా వచ్చింది.

నెలకు 1,500 డాలర్లు పంపింది. డిసెంబరు నాటికి తొమ్మిది లక్షల దాకా అప్పులో జమ ఐనది. వడ్డీతో కలిసి 33 లక్షలైన అప్పు 24 లక్షలకు దిగింది. 2025 జనవరి నుండి వాయిదా నెలకు 32 వేల చిల్లర.

ఇక ఆ 52.0801. దాని ప్రకారం 2025 ఫిబ్రవరి 11న అనుమతి ముగిసింది. హెచ్-1బి వీసా కోసం యజమాని పేరు నమోదు చేసేది మార్చి నెలలో. 2024 మార్చిలో దానికి యజమాని లేడు. 2025 మార్చి వచ్చేసరికి పని అనుమతి లేదు. రెండు మార్చిల మధ్యలో పడిపోయింది. నమోదు చేసినా చీటీలలో పేరు రావాలి. 2025 మార్చిలో అర్హత గల నమోదులు సుమారు 3 లక్షల 44 వేలు ఐతే ఎంపికైనవి సుమారు 1 లక్షా 20 వేలు. వరంగల్ పిల్లకు మూడేళ్ళు ఉన్నాయి గనుక ఆ చీటీలలో మూడుసార్లు పేరు వేసుకొనే వీలు కలిగింది. మళ్ళీ ఇంకొక ఎం.ఎస్.లో చేరి ఉండిపొమ్మని సలహా ఇచ్చినవారున్నారు. మళ్ళీ ఇరవై లక్షలా? అమ్మాయే వద్దన్నది.

మార్చి మొదటి వారంలో ఇంటికి వచ్చింది. శంషాబాదులో దిగి, రాత్రి బస్సుకు బయలుదేరి, తెల్లవారేసరికి ఊరి బస్టాండులో రెండు పెట్టెలతో నిలబడి ఉన్నది. పలకరించినవారికి "సెలవు మీద వచ్చిందండీ" అని మేము అనబోతే, అదే ముందుగా "గడువు ఐపోయింది బాబాయ్, వచ్చేశాను" అన్నది. ఆ వారంలో ఊరందరికీ తెలిసింది. కొందరు జాలిపడ్డారు, ఒకరిద్దరు మా గుమ్మం ముందునుండి పోతూ పలకరించడం మానేశారు. తరువాత వారే వచ్చి తమ పిల్లల సంగతి అడిగారు గనుక మాకు ఇప్పుడు ఏ కోపమూ లేదు.

రెండు నెలలు ఖాళీగా ఉన్నది. ఆ రెండు వాయిదాలు మా పింఛను నుండి కట్టాము. అమెరికా పెద్ద బ్యాంకులు చాలావాటికి హైదరాబాదులో ఆఫీసులున్నాయి. జేపీ మోర్గన్, వెల్స్ ఫార్గో, గోల్డ్‌మాన్ శాక్స్, స్టేట్ స్ట్రీట్, ఇంకా ఎన్నో. అక్కడి అప్పుల లెక్కలు, ఫండ్ల లెక్కలు చాలావరకు ఇక్కడి పిల్లలే రాత్రింబవళ్ళు చూస్తున్నారు. అటువంటి ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకు పోతే, అమెరికా రైతు పన్ను పత్రం చదవడం తెలిసిన పిల్ల ఆ గదిలో ఇదొక్కటే. జీతం నెలకు 70 వేలు చేతికి వస్తుంది. ఆ పది నెలల పని లేకుండా ఉత్త డిగ్రీతో వచ్చి ఉంటే అంత ఇచ్చేవారా అంటే, ఇచ్చేవారు కాదని అమ్మాయే చెబుతున్నది.

ఆ మూడు కుటుంబాలవారికి మేము పంపవద్దని చెప్పలేదు. చెప్పే అధికారం మాకు లేదు. మేము పంపినవాళ్ళమే. ఐతే మారిన సంగతులు చెప్పాము. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు చేసిన ప్రకటనతో, కొత్తగా బయటి దేశంనుండి హెచ్-1బి మీద మనిషిని తెచ్చుకొనే యజమాని లక్ష డాలర్లు కట్టవలసి వచ్చింది. అక్కడే చదువుకొంటూ హోదా మార్చుకొనే విద్యార్థులకు అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. అంటే మా అమ్మాయిలా ఒకసారి తిరిగి వచ్చేసిన వారికి ఆ లక్ష డాలర్లు అడ్డు. అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం చీటీలలో అందరికీ సమానావకాశం పోయింది. జీతం స్థాయి పైదైతే పేరు నాలుగుసార్లు వేస్తారు, అట్టడుగు స్థాయి ఐతే ఒక్కసారే. మొదటి ఉద్యోగంలో చేరే పిల్లలు అట్టడుగునే ఉంటారు గదా. ఇది ఫైనాన్సులో అడుగుపెట్టే పిల్లలకు గట్టి దెబ్బ.

ఆ కుటుంబాలలో ఒకాయన, కాలువ అవతల రెండెకరాలు కౌలు చేసుకొనే మనిషి, మా మాటలన్నీ విని, జేబులోనుండి మడతపెట్టిన ఐ-20 కాగితం తీసి బల్లమీద పరిచాడు. కొడుకుకు అప్పటికే వచ్చేసింది. అమ్మాయి ఆ వారం ఇంట్లోనే ఉన్నది. అద్దాలు పెట్టుకొని వేలితో వరుస చూసుకొంటూ పోయి ఆ సంఖ్య దగ్గర ఆపింది. 52.0801. ఆయన అది మంచిదా చెడ్డదా అని మా ముఖాల వంక చూస్తున్నాడు.

"బాబాయ్, డబ్బు ఇంకా కట్టలేదు గదా?" అని అడిగింది.

"లేదమ్మా, సోమవారం కట్టాలి."

"ఐతే ఈ రాత్రికి తమ్ముణ్ణి ఒకసారి పంపించు. వాళ్ళ యూనివర్సిటీలోనే వేరే సంఖ్య ఉన్న చదువు ఉన్నదేమో అడుగుతూ ఉత్తరం రాద్దాము" అన్నది.

పిల్లవాడు ఎనిమిది గంటలకు వచ్చాడు. కరెంటు పోయింది. టార్చి లైటు వెలుతురులో ఇద్దరూ కూర్చొని రాశారు.